కొల్లేట్లో మా నాలుగెకరాలు చేపల చెరువుకి లీజుకివ్వాలా, వద్దా?

కొల్లేటి_ఆడపడుచు:

నమస్కారం అండి. మాది కైకలూరు మండలంలో కొల్లేటి లంక ఊరు. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీసిన హద్దు) లోపల నాన్నకీ పెదనాన్నకీ కలిపి నాలుగెకరాల జిరాయితీ, అంటే సొంత పట్టా భూమి, ఉంది. తాతయ్య పేరు మీద పట్టా, శిస్తు కట్టిన పాత రసీదులు అన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. వానాకాలమంతా ఆ చేను నీళ్ళలోనే ఉంటుంది. సంక్రాంతి టైముకి నీరు లాగితే దాళ్వా (రెండో పంట) వరి వేస్తాం, లాగకపోతే ఆ ఏడు పంట లేనట్టే. మొన్నటి దాళ్వాకి గుర్రపుడెక్క పీకించడానికే కూలీలకి చాలా డబ్బైపోయింది. నాట్లు ఆలస్యమయ్యాయి. కోతల నాటికి చేను ఆరక మిషను దిగలేదు, మనుషుల్ని పెట్టి కోయించాం. అన్నీ పోను మిగిలింది ఇంట్లో తిండిగింజలు.

ఇప్పుడు భీమవరం వైపు నుంచి ఒకాయన వచ్చారు. మాదీ పక్కవాళ్ళదీ కలిపి ముప్పై ఎకరాల చెరువు తవ్విస్తారట. ఎకరానికి ఏడాదికి డెబ్బై వేలు, మూడేళ్ళ అగ్రిమెంటు, మొదటి ఏడాది సొమ్ము ముందే చేతికిస్తారట. పొక్లెయిన్లు, గట్టు, మోటార్లు, కరెంటు అన్నీ ఆయనవే. కేసుల సంగతి అడిగితే "అవన్నీ నేను చూసుకుంటాను" అన్నారు. పెదనాన్న సంతకం పెట్టేద్దాం అంటున్నారు. ఆయనకి మోకాళ్ళ ఆపరేషన్ చేయించాలి, ఇంట్లో పెళ్ళి కావాల్సిన పిల్ల ఉంది. ఆయన్ని తప్పు పట్టే పరిస్థితి కాదు. నాన్న ఎటూ తేల్చుకోలేక నన్ను అడుగుతున్నారు. నేను హైదరాబాద్‌లో నర్సుగా చేస్తున్నాను, సెలవు దొరికినప్పుడే ఊరికి వెళ్ళేది.

అమ్మ మాత్రం గట్టిగా వద్దంటోంది. ఆవిడ కారణాలు ఏ ఆఫీసు కాగితంలోనూ ఉండవు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చేను నీళ్ళలో ఉన్న నెలల్లో ఊళ్ళో భూమి లేని వాళ్ళు దోనె వేసుకొచ్చి అందులో చేపలు పట్టే మావులు పెడతారు. తెల్లారి తీసినప్పుడు మట్టగిడసలో, ఇంగిలాయిలో, అదృష్టం బాగుంటే ఒక కొర్రమీనో మా గడపలో పెట్టి వెళ్తారు. ఇన్నని లెక్కేం ఉండదు. నీరు లాగేటప్పుడు గేదెలు ఆ చేలల్లోనే మేస్తాయి. తుంగ కోసుకునే వాళ్ళు కోసుకుంటారు. నాట్లకి ముందు దమ్ము చేస్తుంటే ట్రాక్టరు వెనకాలే నత్తగుల్ల కొంగలు గుంపుగా దిగుతాయి. గట్టు పడితే ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. గట్టు మీద కాపలా మనిషి, కుక్క ఉంటాయి. మన చేలోకి మనమే అడిగి వెళ్ళాలి అంటుంది అమ్మ.

నాకు తెలిసింది ఇదీ. 1999లో ఐదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లు, 76 వేల ఎకరాల పైమాటే, అభయారణ్యంగా నోటిఫై చేశారు. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో లోపలి చెరువుల గట్లు పేల్చేశారు. అప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను, ఆ శబ్దాలకి గేదెలు పలుపులు తెంపుకుని పరిగెత్తడం ఇంకా గుర్తుంది. తర్వాత ఆ గట్లే చాలాచోట్ల మళ్ళీ లేచాయి. 2008లో మూడో కాంటూరుకి తగ్గించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది, అది జరగలేదు. 2025లో కోర్టు తరఫున సాధికార కమిటీ వాళ్ళు మళ్ళీ వచ్చి చూసి వెళ్ళారు. అప్పటినుంచి ఊళ్ళో అందరికీ టెన్షనే.

నాకు కొల్లేరంటే ప్రాణం. కానీ ఆ ప్రాణానికయ్యే ఖర్చంతా మా పెదనాన్న మోకాళ్ళే భరించాలంటే అది న్యాయమా? లీజుకిస్తే చట్టం ప్రకారం మా మీదికి ఏం వస్తుంది? ఇవ్వకపోతే ఆ భూమి మీద మాకు న్యాయంగా రావాల్సింది ఏమైనా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

---

చెరువుల_రైతు:

అమ్మా, నేను ముదినేపల్లి వైపు చేపలు పెంచుతాను. నా చెరువులన్నీ కాంటూరు బయటే. ఒకప్పుడు లోపల కూడా ఉండేవి, 2006లో పోయాయి. ఆ తర్వాత లోపలికి మళ్ళీ వెళ్ళలేదు.

ముందు చేపల సాగు గురించి ఒక మాట చెప్పాలి. దీన్ని తిట్టేవాళ్ళు దీని వెనక ఎంత పని ఉందో చూడరు. చిల్లులు పెట్టిన యూరియా సంచుల్లో తవుడు, చెక్క నింపి కర్రలకి వేలాడదీస్తాం. బొచ్చె, శీలావతి చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర పొడుచుకుని తింటాయి. ఈ పద్ధతి ఏ యూనివర్సిటీ వాళ్ళూ చెప్పింది కాదు, మన కొల్లేటి రైతులే కనిపెట్టారు. మేత అడుగున పడి కుళ్ళకుండా, ఎంత తిన్నాయో సంచి చూస్తేనే తెలిసిపోతుంది. పట్టుబడి రోజున వలలు లాగేవాళ్ళు, ఐసు కొట్టేవాళ్ళు, ప్యాకింగ్ చేసేవాళ్ళు, లారీల వాళ్ళు, ఇంతమంది ఆ చెరువు మీద బతుకుతారు. మన లారీ కలకత్తాకి, గౌహతికి వెళ్తుంది. ఇదంతా ఒట్టి దోపిడీ అని ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఇంకో సంగతి. కొల్లేరు పాడైందంటే అందరూ చెరువుల వైపే వేలు చూపిస్తారు. బుడమేరులో విజయవాడ మురుగు వస్తుంది, ఏలూరు, గుడివాడ మురుగు కూడా చివరికి ఇక్కడికే చేరుతుంది. ఆ ఊళ్ళవాళ్ళ పేరు మీద ఒక్క కేసు ఉందా?

ఇంత చెప్పినా, నీ ప్రశ్నకి నా జవాబు ఒకటే. సంతకం పెట్టొద్దమ్మా. "కేసులు నేను చూసుకుంటాను" అనే మాట మేమూ విన్నాం. అటవీ శాఖ వాళ్ళు వచ్చినప్పుడు గట్టు ఏ సర్వే నంబర్లో ఉందో ఆ పట్టాదారు పేరే ముందు రాస్తారు. లీజుదారు పెట్టుబడి పెట్టాడు, రెండు పంటలు తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. మీ నాన్నగారు వెళ్ళలేరు కదా. ఇంకోటి, ముప్పై ఎకరాలు ఒకే చెరువుగా తవ్వాక మీ నాలుగెకరాల హద్దు రాళ్ళు ఎక్కడుంటాయి? మూడేళ్ళ తర్వాత మట్టంతా గట్టుకెక్కేసి, మడి నాలుగడుగులు లోతుకి దిగిపోతుంది. అందులో మళ్ళీ వరి వేయాలంటే పూడ్చడానికే ఆ లీజు డబ్బులన్నీ చాలవు. ఇది కాంటూరు లోపలైనా బయటైనా ఒకటే.

డెబ్బై వేలు మాత్రం తక్కువ రేటు కాదు, మీ పెదనాన్నగారికి ఆశ పుట్టడంలో తప్పు లేదు.

---

రిటైర్డ్_ఏఈ:

నేను డ్రైనేజీ విభాగంలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా, పనిచేసి రిటైరయ్యాను. పక్షుల గురించి నాకు పెద్దగా తెలియదు. నీళ్ళ లెక్క చెప్తాను.

కొల్లేట్లోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వస్తాయి. ఇవి కాక చిన్నా పెద్దా అరవైకి పైగా కాలువలు, డ్రెయిన్లు. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది మెలికలు తిరుగుతూ అరవై కిలోమీటర్లు పోయి సముద్రంలో కలుస్తుంది. దాని వాలు చాలా తక్కువ, పూడిక ఎక్కువ, ఒడ్డునా ఆక్రమణలే. పెద్ద వరద వస్తే లోపలికి లక్ష క్యూసెక్కులు పైబడి రాగలవని మా పాత లెక్కలు. ఉప్పుటేరు మోయగలిగేది అందులో చిన్న భాగం. మిగతాది ఎక్కడ ఉండాలి? కొల్లేట్లోనే పరుచుకుని, మెల్లగా దిగాలి. కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య ఆ పల్లం చేసే పని అదే.

అమ్మాయి చెప్పిన 308 చదరపు కిలోమీటర్ల మీద ఒక్క అడుగు నీరు నిలిచిందనుకోండి. 3.3 టీఎంసీలు అవుతుంది. ఒక్క అడుగుకే! ఇప్పుడు అందులో సగం జాగా గట్ల మధ్య ఉందనుకుందాం. ఆ చెరువులు వానాకాలానికి ముందే నిండి ఉంటాయి, గట్లు ఎత్తుగా ఉంటాయి, వరదని లోపలికి రానివ్వవు. అదే 3.3 టీఎంసీలు మిగతా సగంలోనే సర్దుకోవాలి, అంటే అక్కడ రెండడుగులు లేస్తుంది. ఆ రెండో అడుగు ఎవరి ఇంట్లోకి వస్తుందో లంక ఊళ్ళవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు టీవీలన్నీ సింగ్‌నగర్ చూపించాయి. ఆ నీరే తర్వాత కొల్లేటికి దిగింది. ఏలూరు–కైకలూరు రోడ్డు చిన్న ఎడ్లగాడి దగ్గర నీళ్ళలో ఉన్న సంగతి ఎంతమందికి గుర్తుంది?

అందుకే నా దృష్టిలో ఇది చేపలు పెంచాలా వద్దా అనే గొడవ కాదు. గట్టు ఉందా లేదా అన్నదే లెక్క. మీ చేలో మావులు పెట్టి చేపలు పట్టుకుంటే వరదకి అడ్డం ఏం లేదు. వరి వేసినా లేదు. వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్లో అభయారణ్యంలోకి వచ్చే నీటిని గానీ బయటికి పోయే నీటిని గానీ అనుమతి లేకుండా మళ్ళించకూడదు, ఆపకూడదు అని స్పష్టంగా ఉంది. 1999 జీవోలో జిరాయితీదారులు సంప్రదాయ పద్ధతిలో, రసాయనాలు లేకుండా సాగు చేసుకోవచ్చని ఉంది. మామూలు పద్ధతిలో చేపలు పట్టుకోవడానికీ వీలుంది. చెరువు మాత్రం తవ్వకూడదు.

మూడో కాంటూరుకి తగ్గిస్తే అందరికీ సుఖం అనుకునేవాళ్ళకి: తగ్గిస్తే అభయారణ్యంలో సగానికి పైగా బయటికి పోతుంది. కాగితం మీద గీత జరిపినంత మాత్రాన నేల ఎత్తు పెరగదు, వరద ఎప్పట్లాగే ఐదో కాంటూరుకి వస్తుంది. 2010లో కేంద్రం వేసిన అజీజ్ కమిటీ కూడా తగ్గించవద్దనే చెప్పింది. పైగా హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు ఉండాలి.

---

కొల్లేటి_ఆడపడుచు:

ఏఈ గారూ, చాలా థాంక్స్ అండి. అడుగు లెక్క నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. "మన ఊరు వీధుల్లోకి నీళ్ళు ఏ మూల నుంచి ఎక్కాయో నాకు తెలుసు, ఇన్నాళ్ళూ దాన్ని లెక్కగా ఎవరూ చెప్పలేదు" అన్నారు.

కానీ ఒకటి అడగాలి. మా చేను వరదని మోస్తుంటే లాభం ఎవరికి? ఏలూరు వాళ్ళకి, ఆకివీడు వాళ్ళకి, కింద డెల్టాలో దాళ్వా పండించే వాళ్ళకి. ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు చూడటానికి కార్లలో వచ్చేవాళ్ళకి. ఇందరికి పనికొస్తున్న భూమికి యజమాని మాత్రం పిల్ల పెళ్ళికి అప్పు చేయాలా? నోటిఫై చేసి ఇన్నేళ్ళైంది, మా ఇంట్లో ఎవరికీ ఒక్క రూపాయి ముట్టలేదు.

---

దోనె_అబ్బాయి:

అక్కా, మాది చేపలు పట్టే వడ్డీల కుటుంబం. మీ అమ్మగారు చెప్పారు చూశావా, మావులు పెట్టేవాళ్ళని, అలాంటివాళ్ళం. మాకు సెంటు భూమి లేదు.

1970ల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి మావాళ్ళకి చెరువులు తవ్వించి ఇచ్చింది. మంచి ఉద్దేశమే. పెట్టుబడి మా దగ్గర ఎక్కడిది? సీడు కొనాలి, మేత కొనాలి, మోటార్లు పెట్టాలి. కొన్నాళ్ళకే బయటివాళ్ళు వచ్చి లీజుకి తీసుకున్నారు. పేరు సొసైటీది, చెరువు వాళ్ళది. మా తాత తన చెరువు గట్టు మీదే కాపలా కూలీగా చేశాడు. రాత్రిళ్ళు నీటికాకులు దిగకుండా టపాకాయలు కాల్చడం, పైన కట్టిన దారాలకి చిక్కిన కొంగల్ని తెల్లారాక తీసి పారేయడం, అదీ పని. ఆ పని చేసి వచ్చినరోజు అన్నం తినేవాడు కాదని మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది.

2006లో గట్లు పేల్చినప్పుడు మావాళ్ళు ఏడ్చారు, నిజమే. ఎందుకంటే సొసైటీ చెరువులూ పోయాయి, ఏడాదికి వచ్చే ఆ కాస్త లీజు వాటా పోయింది. కానీ ఆ తర్వాత రెండు మూడు సీజన్లు సరస్సు తెరుచుకుని ఉంది. దోనె ఎటు తిప్పితే అటు పోయేది. పెద్ద జెల్లలు, వాలుగలు, బొమ్మిడాయిలు పడ్డాయి. నేను చిన్నపిల్లాణ్ణి, నాన్నతో పాటు వల విదిలించడం అప్పుడే నేర్చుకున్నాను. తర్వాత ఒక్కో గట్టు లేస్తూ వచ్చింది. ఇప్పుడు మా దోనెకి మిగిలింది రెండు గట్ల మధ్య కాలవ. అందులో చెరువులవాళ్ళు పట్టుబడికి ముందు తోడిపోసే నీళ్ళు, దాని మీద గుర్రపుడెక్క. వాసనకి వల పైకి తీయాలనిపించదు.

చెరువుల రైతు గారూ, మీరు చెప్పిన పని మొత్తం నిజం. ఐసు కొట్టేవాళ్ళలో మా బావ ఉన్నాడు. కాంటూరు బయట మీరు చేసుకుంటుంటే మాకేం అభ్యంతరం లేదండి. లోపల గట్టు వేస్తే మాత్రం మీకు కూలీ దొరుకుతుంది, మాకు సరస్సు పోతుంది. కూలీ ఏ రోజైనా మానిపించొచ్చు. నీళ్ళు తెరిచి ఉంటే మమ్మల్ని ఎవరూ మానిపించలేరు.

అక్కా, నువ్వు అడిగింది న్యాయం. పరిహారం అడగండి. ఊరంతా కలిసి అడగండి, మేమూ వస్తాం. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి 122 ఊళ్ళ జనం వస్తారు కదా, జిరాయితీ రైతులూ మేమూ ఎప్పుడైనా ఒక్క అర్జీ మీద కలిసి సంతకం పెట్టామా? మీ మీటింగులు మీవి, మా మీటింగులు మావి. ఈ రెంటి మధ్య లీజుకి తీసుకునేవాడు బాగుపడుతున్నాడు.

---

రిటైర్డ్_ఏఈ:

ఆడపడుచు అడిగిన రెండో ప్రశ్నకి నిన్న జవాబు రాయలేదు. చట్టంలో దానికి దారి ఉంది. అభయారణ్యం ప్రకటించేటప్పుడు లోపలి హక్కుల మీద కలెక్టరు విచారణ జరపాలి. హక్కు నిజమని తేలితే మూడింట్లో ఒకటి చేయాలి: ఆ భూమిని హద్దు నుంచి తప్పించడం, డబ్బిచ్చి సేకరించడం, లేదా ఆ హక్కుని అలాగే కొనసాగనివ్వడం. 24వ సెక్షన్. కొల్లేట్లో జిరాయితీ పదిహేను వేల ఎకరాల దాకా ఉంటుంది. వీళ్ళకి సాగు చేసుకునే హక్కు వదిలిపెట్టాం కాబట్టి డబ్బు ఇవ్వక్కర్లేదు అనే ధోరణిలో ఇన్నేళ్ళూ నడిచింది. నీరు లాగక పంటే వేయలేని భూమి మీద సాగు హక్కు ఉందనడం సబబు కాదని నేను ఉద్యోగంలో ఉన్నప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

నా అభిప్రాయంలో ఊరు అడగాల్సినవి రెండు. అమ్మదలచుకున్న వాళ్ళ దగ్గర ప్రభుత్వం సరైన ధరకి కొనాలి. అమ్మని వాళ్ళకి, గట్టు వేయకుండా ఉంచినందుకు, ఎకరానికి ఇంతని ఏటా ఇవ్వాలి. కాలవ నీళ్ళు వాడుకునే రైతు దగ్గర నీటి తీరువా తీసుకున్న ప్రభుత్వం, వరద నీళ్ళు మోసే రైతుకి ఎదురు చెల్లించడంలో వింతేమీ లేదు. దాంతో పాటు ఉప్పుటేరు పూడిక తీయాలి. అది చేస్తే సంక్రాంతి నాటికి మీ చేలో నీరు లాగుతుంది, దాళ్వా నిలుస్తుంది. డెల్టాలో ఒక్క ఇంజనీరు కూడా దీన్ని కాదనడు.

---

చెరువుల_రైతు:

ఏఈ గారి రెండో మాటకి నా ఓటు కూడా వేసుకోండి. లోపల తవ్వకాలు ఆగితే బయట పన్నులు కట్టి, పర్మిషన్లు తెచ్చుకుని చేసుకునే మాలాంటి వాళ్ళకీ మేలే. వేసవిలో ఉప్పుటేరు మీదుగా ఉప్పునీరు ఎదురెక్కి వస్తే మా చెరువులూ పాడవుతున్నాయి. కొల్లేట్లో మంచినీళ్ళు నిలవడం మాకూ అవసరం.

---

కొల్లేటి_ఆడపడుచు:

అందరికీ నమస్కారం అండి. నిన్న రాత్రి నాన్న, పెదనాన్న, నేను ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. పెదనాన్న మొదట కోప్పడ్డారు, "ఫోన్లో రాసేవాళ్ళు వచ్చి నా ఆపరేషన్ చేయిస్తారా" అన్నారు. అది న్యాయమైన కోపమే. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) అవుతుందేమో మా హాస్పిటల్లో కనుక్కుంటున్నాను, కాకపోతే నేను లోను పెడతాను. చెరువుల రైతు గారు రాసిన సర్వే నంబరు మాట, హద్దు రాళ్ళ మాట ఆయన్ని బాగా ఆలోచనలో పడేశాయి. తాతయ్య పాతిన రాళ్ళవి. లీజు వద్దని భీమవరం ఆయనకి నాన్న చెప్పేశారు. పక్క చేలవాళ్ళలో ఇద్దరు ఇస్తామనే అంటున్నారు, వాళ్ళతో మాట్లాడటం నాన్న వల్ల అయ్యే పని కాదు, అమ్మ వెళ్తానంటోంది.

దోనె అబ్బాయీ, తమ్ముడూ, నువ్వన్న ఉమ్మడి అర్జీ నేను రాస్తాను. జిరాయితీ రైతుల పేర్లు, సర్వే నంబర్లు నాన్న పోగు చేస్తున్నారు. మీ సొసైటీ తరఫున ఎవరు సంతకం పెడతారో కనుక్కుని చెప్పు. ఏఈ గారూ, అర్జీలో 24వ సెక్షన్ సంగతి ఎలా రాయాలో ఒకసారి చూసి పెడతారా? ఒక కాపీ కలెక్టరు గారికి, ఒకటి ఏలూరు వన్యప్రాణి విభాగం డీఎఫ్‌ఓ (అటవీ అధికారి) గారికి ఇద్దామనుకుంటున్నాను. కోర్టు కమిటీకి కూడా నేరుగా పంపొచ్చా?

---

రిటైర్డ్_ఏఈ:

పంపొచ్చమ్మా, స్పీడ్ పోస్టులో పంపండి. పట్టా నకలు, శిస్తు రసీదుల జిరాక్సులు తప్పకుండా జత చేయండి, ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వొద్దు. డ్రాఫ్టు ఇక్కడే పెట్టండి, చూస్తాను.